మన మందలో పొట్టేలు ఎవరి కొడుకు?

(మండల మహిళా సమాఖ్య సర్వసభ్య సమావేశంలో జీవనోపాధుల అంశం మీద ఒక గ్రామ సంఘం లీడరు చేసిన ప్రసంగం)



నాకు ఇచ్చిన అంశం జీవాల పెంపకంలో మెలకువలు. మేత గురించి, నట్టల మందు గురించి, టీకాల గురించి మన పశుమిత్రలు నెలనెలా చెబుతూనే ఉన్నారు. మళ్ళీ అదే చెబితే మీకు నిద్రొస్తుంది, అన్నం టైం కూడా దగ్గర పడింది. అందుకని నేను ఒక్క సంగతే చెబుతాను. పొట్టేలు సంగతి. ఇది నేను ట్రైనింగులో నేర్చుకొని చెప్పేది కాదు. నష్టపోయి నేర్చుకున్నది. నేనొక్కదాన్నే నష్టపోతే ఇంట్లో కూర్చొని ఏడ్చుకొని ఊరుకునేదాన్ని. నా వల్ల మా సంఘంలో ఇంకో ముగ్గురు నష్టపోయారు. అందుకే ఇక్కడ నిలబడి చెబుతున్నాను.

2018లో సంఘంలో అప్పు తీసుకొని 12 గొర్రెలు, ఒక పొట్టేలు కొన్నాను. మన పశ్చిమ ప్రకాశంలో అందరికీ తెలిసిన నెల్లూరు జోడిపి రకమే. తెల్లటి ఒళ్ళు, కళ్ళ చుట్టూ కాటుక పెట్టినట్టు నలుపు, కింది దవడ నలుపు, పొట్ట కింద నలుపు. ఆ పొట్టేలు నాలుగు పళ్ళ మీద ఉంది. పొడుగ్గా, ఛాతీ వెడల్పుగా, కొమ్ములు మెలి తిరిగి, నడిచి వస్తుంటే దారిన పోయేవాళ్ళు ఆగి చూసేవాళ్ళు. పిల్లలు దానికి రాజా అని పేరు పెట్టారు. మొదటి ఈతలో 11 పిల్లలు పుట్టాయి. ఒక్కటి పోయింది. మిగతావి మూడు నెలలకే చూడముచ్చటగా తయారయ్యాయి. ఆడపిల్లల్ని అమ్మకుండా ఉంచుకున్నాను. మంద పెంచుకోవాలంటే అంతే కదా. మగపిల్లల్లో మంచివి మూడు మా సంఘం వాళ్ళే అడిగారు. రాజా కొడుకులు కదా అని సంతోషంగా ఇచ్చాను. లీడరు దగ్గర మంచి పొట్టేలు ఉందని నాకూ కొంచెం గొప్పగానే ఉండేది, దాచుకోవడం ఎందుకు.

రాజాని మార్చాలని నాకెప్పుడూ తోచలేదు. అంత మంచి పొట్టేల్ని ఎవరు మారుస్తారు? దాని కూతుళ్ళు పెరిగి ఎదకొచ్చాయి. మందలో ఉన్న పొట్టేలు రాజా ఒక్కటే. ఇంక చెప్పేదేముంది.

2021 కార్తీక మాసంలో ఈతలు మొదలయ్యాయి. ఒక పిల్ల లేచి నిలబడలేదు. ఇంకొకదానికి కింది దవడ పొట్టి, చనుమొన నోటికి అందలేదు. సీసాతో పాలు పట్టాం, ఆరో రోజు పోయింది. కొన్ని పుట్టడమే పిల్లి కూనల్లాగా పుట్టాయి. రెండు గొర్రెలకి ఎన్నిసార్లు కట్టినా చూడి నిలవలేదు, 17 రోజులకల్లా మళ్ళీ ఎదకొచ్చేవి. మా అత్త దిష్టి అంది. దొడ్డికి నిమ్మకాయలు, మిరపకాయలు కట్టాం. దొడ్డి వాస్తు బాగాలేదని ఇంకెవరో అంటే తలుపు ఇటు నుంచి అటు మార్చాం. మందులకి డబ్బులు పోశాం. చివరికి మన డాక్టర్ గారిని బతిమాలి తీసుకొచ్చాను. ఆయన పేడ పరీక్ష చేయించారు, రక్తం పంపించారు. జబ్బు ఏమీ దొరకలేదు. అప్పుడు అడిగారు, "ఈ గొర్రెల తండ్రి ఎవరమ్మా?" అని. నేను చేయి చాపి రాజాని చూపించాను. "మరి ఈ పిల్లల తండ్రి?" అన్నారు. మళ్ళీ అదే చేయి, అటే చూపించాను. అప్పుడు నాకు సిగ్గేసింది అక్కా.

ఆ రాత్రి నా అప్పు పుస్తకం తీశాను. కంతు ఎప్పుడు కట్టగలనో లెక్క వేసుకోవడానికి పుస్తకం వెనక పేజీల్లో ఏ గొర్రె ఏ రోజు ఈనింది, ఎన్ని పిల్లలు, బతికిందా పోయిందా అని రాసుకునేదాన్ని. ఆ సంవత్సరం పాత గొర్రెలు, అంటే సంతలో కొన్నవి, 11 ఈనాయి. 11 పిల్లల్లో పోయింది ఒక్కటే. రాజా కూతుళ్ళు 9 ఉంటే రెండు చూడే కట్టలేదు. ఈనిన ఏడింటి పిల్లల్లో నెల తిరక్కుండా నాలుగు పోయాయి. ఒకటే దొడ్డి, ఒకటే మేత, ఒకటే నీళ్ళు. కాపరి కూడా ఒక్కరే, నేనే. దిష్టి అయితే రాజా కూతుళ్ళకే తగులుతుందా?

అదంతా రక్తం దగ్గరవడం వల్లే అని నేను అనడం లేదు. తొలి ఈత గొర్రెలకి పిల్లలు కొంచెం బలహీనంగా పుట్టడం మామూలే అని డాక్టర్ గారు కూడా అన్నారు. కానీ ఏడింటికి నాలుగు పోవడం తొలి ఈత ఒక్కదాని వల్ల కాదు.

ఇది ఎందుకు జరుగుతుందో డాక్టర్ గారు కాగితం మీద గీసి చెబితే నాకు సగమే అర్థమైంది. ఇంటికొచ్చి ఆలోచిస్తే మన సంఘం చెక్కు గుర్తొచ్చింది. చెక్కు మీద ఒక్క సంతకం ఉంటే బ్యాంకులో డబ్బు ఇవ్వరు. రెండో సంతకం కూడా పడాలి. పిల్లలో ప్రతి గుణానికీ తల్లి నుంచి ఒక పాలు, తండ్రి నుంచి ఒక పాలు వస్తాయి. కొన్ని లోపాలు ఒక్క వైపు నుంచే వస్తే బయటపడవు. లోపలే దాక్కొని ఉంటాయి, జీవం చూడటానికి బ్రహ్మాండంగా ఉంటుంది. రెండు వైపుల నుంచీ అదే లోపం వచ్చిందంటే రెండు సంతకాలూ పడ్డట్టు, పిల్లలో అది బయటికొస్తుంది. రాజాలో ఏదో లోపం దాక్కొని ఉందనుకోండి. సంతలో కొన్న గొర్రెల్లో సరిగ్గా అదే లోపం ఉండటం అరుదు. కానీ రాజా కూతుళ్ళలో సుమారు సగం వాటికి అది తండ్రి నుంచి వచ్చి ఉంటుంది. వాటికి మళ్ళీ రాజానే కడితే రెండో సంతకం మన చేతులతో మనమే పెట్టించినట్టు.

మనుషుల లెక్కలో చెబుతాను. మేనరికాలు వద్దని ఆశా అక్కలు చెబుతుంటారు కదా. (ఇక్కడ నవ్వుతున్నవాళ్ళలో సగం మందివి మేనరికాలే. నాదీ అదే.) ఒకే పొట్టేలుకి వేరు వేరు తల్లుల కడుపున పుట్టిన అన్నాచెల్లెళ్ళని కలపడం, మనుషుల్లో సొంత మేనమామని చేసుకున్నంత దగ్గర. తండ్రిని కూతురికి కట్టడం దానికి రెట్టింపు దగ్గర. మనం పెళ్ళి సంబంధం అంటే ఇంటిపేరు అడుగుతాం, గోత్రం అడుగుతాం, ఏడు తరాలు తిరగేస్తాం. గొర్రె దగ్గరికొచ్చేసరికి ఏమీ అడగం. గొర్రెకి ఇంటిపేరు మనమే పెట్టాలి, అది చెప్పుకోలేదు.

ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా అని సామెత చెబుతాం. ఆవునే అంటాం, దూడనే అంటాం. ఆంబోతుని ఎవరూ అడగరు. లెక్క వేసి చూడండి. ఒక గొర్రె ఏడాదికి మనకి ఒకటో రెండో పిల్లలనిస్తుంది. 25 గొర్రెలకి ఒక పొట్టేలు ఉంటే ఆ పాతిక గొర్రెల పిల్లలన్నిటిలోనూ సగం పాలు ఆ ఒక్క పొట్టేలుదే. దాని కూతుళ్ళని ఉంచుకొని మళ్ళీ దాన్నే కడితే ముప్పాతిక పాలు అదే. గొర్రెని కొనేటప్పుడు పొదుగు చూస్తాం, పళ్ళు చూస్తాం, నడక చూస్తాం, గంటసేపు బేరం చేస్తాం. పొట్టేలు మాత్రం ఎవరింట్లో ఉంటే అది, ఖర్చు లేకుండా దొరికితే చాలు.

ఇంకో తప్పు కూడా ఉంది. ఇది అన్ని ఊళ్ళల్లో జరిగేదే. బక్రీద్ వస్తుంది. మందలో అన్నిటికంటే బాగా ఎదిగిన పొట్టేలు పిల్లకి బేరగాడు పెద్ద ధర చెబుతాడు. అమ్మేస్తాం. తర్వాత బాగున్నది పండక్కి, ఆ తర్వాతది ఫీజులకి పోతుంది. చివరికి ఎవరూ కొనని బక్క పొట్టేలు మిగులుతుంది. వచ్చే ఏడు మంద మొత్తానికి తండ్రి అదే. వేరుశనగ కాయల్లో గట్టి కాయలన్నీ అమ్ముకొని తాలు కాయలు విత్తనానికి ఉంచుకుంటామా? కాయల్లో చేయని పని జీవాల్లో ఏటేటా చేస్తున్నాం. ఐదారేళ్ళు ఇలా జరిగితే మంద తగ్గిపోతుంది. అప్పుడు "మన జాతి మంచిది కాదు" అని వేరే జిల్లా నుంచి, వేరే రాష్ట్రం నుంచి కొత్త రకం తెచ్చుకుంటాం. ఎండకి, మన మేతకి తట్టుకొనే జాతి మన దొడ్లోనే ఉంది. మనమే దాని విత్తనాన్ని తాలు చేశాం.

దీని మీద మా ఇంట్లో పెద్ద గొడవే అయింది. కొత్త పొట్టేలు వచ్చాక దానికి పుట్టిన పిల్లల్లో ఒకటి చాలా బాగా ఎదిగింది. బక్రీద్ ముందు 16,000 పలికింది. మా ఆయన అమ్ముదామన్నాడు, నేను విత్తనానికి ఉంచి పక్క ఊరికి మారుద్దామన్నాను. "అప్పు నీ పేరు మీద ఉంటే పొట్టేలు కూడా నీదేనా?" అన్నాడు. అవును, నాదే అన్నాను. మూడు రోజులు మాటల్లేవు. అక్కా, అప్పు మన పేరు మీద వస్తుంది, మేపేది మనం, ఈత దగ్గర అర్ధరాత్రి కూర్చునేది మనం. అమ్మకం రోజు మాత్రం మనల్ని ఎవరూ అడగరు. మన చేతిలో ఆ మాట లేకపోతే నేను చెప్పేవన్నీ పుస్తకంలోనే ఉంటాయి.

పొట్టేల్ని ఎలా ఎంచుకోవాలి అంటారు. ముందు తల్లిని చూడండి. తల్లి చాలు పిల్లకి తప్పుతుందా అని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. ప్రతి ఈత దాటకుండా ఈనేదా, పాలు సరిపోయేవా, పిల్లల్ని బతికించుకుందా అని అడగండి. తర్వాత పొట్టేలుని చూడాలి. పై పళ్ళచిగురుకి కింది పళ్ళు సరిగ్గా ఆనాలి. కాళ్ళు తిన్నగా ఉండాలి. రెండు వృషణాలూ కిందికి దిగి, సమానంగా, గట్టిగా ఉండాలి. ఒకటే దిగితే ఎంత అందంగా ఉన్నా వద్దు, ఆ లోపం కొడుకులకీ వస్తుంది. చేత్తో తడిమి చూడటానికి సిగ్గుపడకండి, పిల్లలకి నీళ్ళు పోసినప్పుడు సిగ్గుపడ్డామా?

లావుని చూసి మోసపోవద్దు. ఇది నేను చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను. సంతకి తెచ్చే ముందు నెల రోజులు దాణా పెట్టి మేపితే ఏ పొట్టేలైనా నిగనిగలాడుతుంది. దాణా గుణం దాని ఒంట్లోనే ఉంటుంది, పిల్లకి రాదు. పిల్లకి వచ్చేది విత్తనం గుణం ఒక్కటే. రెండూ విడదీసి చూడాలంటే ఒకే దొడ్లో, ఒకే నెలలో పుట్టి, ఒకే మేత తిన్న పిల్లల్ని పక్కపక్కన పెట్టి చూడాలి. అందులో ఏది ముందుందో అది మంచి విత్తనం. కవలగా పుట్టిన పిల్లని ఒంటిగా పుట్టిన పిల్లతో పోల్చవద్దు. పాలు పంచుకొని పెరిగింది కదా, కొంచెం చిన్నగా ఉన్నా అది మంచిదే కావచ్చు. అందుకే మూడు నెలలకి తల్లి నుంచి వేరు చేసేటప్పుడు తూకం వేసి రాయండి. పిల్లని ఎత్తుకొని కాటా మీద నిలబడి, తర్వాత మీ బరువు తీసేస్తే చాలు. (మన బరువు మాత్రం ఎవరికీ చెప్పొద్దు.)

రాయడం అంటే భయపడకండి. సంఘంలో మనం మినిట్స్ రాస్తాం, పొదుపు రాస్తాం, అప్పు రాస్తాం, పది రూపాయలు తేడా వస్తే రెండు గంటలు కూర్చుంటాం. లక్ష రూపాయల మందకి ఒక పేజీ రాయం. చెవికి పోగు ఉంటే ఆ నంబరు, లేకపోతే మీరు పెట్టుకున్న పేరు, తల్లి ఎవరు, తండ్రి ఎవరు, పుట్టిన తేదీ, మూడు నెలల బరువు. అంతే. మన ఒంగోలు గిత్తలు 19వ శతాబ్దంలోనే ఓడలెక్కి బ్రెజిల్ దేశం పోయాయని, అక్కడ వాటి సంతతిని నెలోర్ అని మన నెల్లూరు పేరుతోనే పిలుస్తారని, ఆ దేశంలో మాంసపు పశువుల్లో చాలా ఎక్కువ భాగం అవేనని విన్నప్పుడు నాకు గర్వంగా అనిపించింది. వాళ్ళు ఏ ఆంబోతు ఎవరి కొడుకో పుస్తకాలు రాసుకుంటూ వచ్చారు. ఆ విత్తనం పుట్టిన జిల్లాలో ఉన్న నేను నా 12 గొర్రెలకి రాసుకోలేదు.

గేదెలున్న అక్కలకి ఒక్క మాట. సూది వేయించేటప్పుడు ఆ సన్నటి గొట్టం మీద దున్న నంబరు అచ్చు వేసి ఉంటుంది. గోపాలమిత్రని అడిగి ఆ నంబరు రాసుకోండి. ఆ సూదికి పుట్టిన పడ్డ ఎదిగి ఎదకొచ్చినప్పుడు అదే నంబరు మళ్ళీ వేయొద్దని చెప్పండి. పొద్దున ఎద కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున వేయించాలి. గేదెల్లో మూగ ఎద ఎక్కువ, అరవదు, అందుకే 21 రోజుల లెక్క గోడ క్యాలెండరు మీద గుర్తు పెట్టుకోవాలి.

ఇప్పుడు మా సంఘం సంగతి. రాజా కొడుకుల్ని కొన్న ముగ్గురిలో ఇద్దరి దగ్గర ఉన్న గొర్రెలు కూడా నా దగ్గర కొన్నవే. అంటే అన్నాచెల్లెళ్ళు. అందులో ఒకామె ఒంటరి మహిళ, ఆ ఎనిమిది గొర్రెలే ఆధారం. రెండు ఈతలు పాడయ్యాయి. కంతులు ఆగిపోతే సమావేశంలో ఆమెని నిలబెట్టి అడిగింది కూడా నేనే, లీడరు హోదాలో. ఆమె ఏమీ అనలేదు. విషయం తెలిశాక నేనే ఆమె ఇంటికి వెళ్ళి చెప్పాను, తప్పు నీది కాదు, నేనిచ్చిన పొట్టేలుది అని. ఆమె చాలాసేపు ఊరుకొని, "ముందే తెలిస్తే బాగుండేదమ్మా" అంది. ఆ పొట్టేల్ని మాంసానికి అమ్మించి, వేరే ఊరి నుంచి తెచ్చిన పొట్టేల్ని ఆమె మందలో వదిలాం. పోయిన పిల్లలు మాత్రం తిరిగి రావు. ఆమె కంతులు ఇంకా నాలుగు బాకీ ఉన్నాయి. వాటి గడువు పెంచాలని మా గ్రామ సంఘం తీర్మానం పంపింది, సమాఖ్య దాన్ని ఆమోదించాలని ఈ సభలో అడుగుతున్నాను.

నేనూ రాజాని అమ్మేశాను. కొత్త పొట్టేలుతో అవే కూతుళ్ళు పోయిన ఏడు ఎనిమిది ఈనాయి. ఒక్క పిల్లే పోయింది.

ఇదంతా మా ఊళ్ళో ఒక యాదవుల అవ్వకి చెబితే నవ్వింది. వాళ్ళ మామ రెండేళ్ళకోసారి పక్క ఊరి మందతో పొట్టేలు మార్చుకొనేవాడట. మూడు నెలలు దాటిన మగపిల్లల్ని ఆడపిల్లల్లో ఉంచేవాడు కాదట. "మరి నాకెందుకు చెప్పలేదవ్వా?" అంటే "నువ్వు పుస్తకాలు చదివినదానివి కదా, నన్ను అడగలేదు" అంది.

ఆ అవ్వ చెప్పిన పద్ధతే మనం ఊళ్ళ మధ్య పెట్టుకుందామని నా ప్రతిపాదన. జీవాలున్న గ్రామ సంఘాలు మన మండలంలో ఆరు ఉన్నాయి. ఒకటో ఊరి పొట్టేళ్ళు రెండో ఊరికి, రెండో ఊరివి మూడో ఊరికి, అలా ఆరో ఊరివి ఒకటో ఊరికి. రెండేళ్ళకోసారి మార్పు. ఏ ఊరి పొట్టేలు కూతురికీ దాని తండ్రి ఎదురుపడదు. విత్తనానికి ఉంచని మగపిల్లలకి ఆస్పత్రిలో బర్డిజోతో విత్తు కొట్టించాలి. మార్చే ముందు ప్రతి పొట్టేలుకీ బ్రూసెల్లా రక్త పరీక్ష చేయించాలి. లేకపోతే విత్తనంతో పాటు ఈసుకుపోయే జబ్బు కూడా ఊరూరా తిప్పినట్టవుతుంది, అది మనుషులకి కూడా అంటుకుంటుంది. వచ్చిన పొట్టేల్ని మూడు వారాలు విడిగా కట్టెయ్యాలి.

తొలకరి పడి పచ్చిక రాగానే, జూన్, జూలై నెలల్లో గొర్రెలు ఎక్కువగా ఎదకొస్తాయి. ఆ లోపే మార్పిడి అయిపోవాలి. కాబట్టి ఆరు సంఘాల లీడర్లు ఈ నెల సమావేశం రోజుకి ఒక కాగితం తీసుకురండి. మీ ఊళ్ళో విత్తనపు పొట్టేళ్ళు ఎన్ని, ఎన్ని పళ్ళ మీద ఉన్నాయి, ఎవరి దగ్గర కొన్నారు, ఎన్నేళ్ళ నుంచి ఉన్నాయి. రాయడం రానివాళ్ళు సభ్యులతో చెప్పించి తీసుకురండి, మా ఊరి కాగితం నేను రాసి తెచ్చాను, కార్యదర్శి అక్క దగ్గర ఉంది, దాన్ని చూసి అలాగే రాయండి.